ఏ కొమ్మ మీద ఉంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరైనా "మా వేపచెట్టు మీద వడ్రంగి పిట్ట పొద్దున్నుంచీ టక్ టక్‌మని కొడుతోందండీ" అన్నారంటే, చాలాసార్లు అది కంసాలి పిట్టే. ఆ చప్పుడు ముక్కుది కాదు, గొంతుది. ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రబొట్టు కనబడితే ఇక వాదనే లేదు.

అసలు వడ్రంగుల కోసం ఎల్‌బీ నగర్ దాటి వనస్థలిపురం వైపు వెళ్లాలి. హైవే హోరు పక్కనే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాముల వేటస్థలం, 1975 నుంచి కృష్ణజింకల రక్షిత వనం. బంగారు వీపుతో, గోలగోలగా అరుస్తూ ఎగిరే పెద్ద వడ్రంగి పిట్టను పిల్లలైనా గుర్తుపడతారు. తకరారంతా చిన్నవాటితోనే.

హైదరాబాద్ చుట్టుపక్కల తికమకపెట్టేవి రెండు. పసుపు నెత్తి వడ్రంగి పిట్ట 17, 18 సెంటీమీటర్లుంటుంది. గోధుమ నెత్తి పిగ్మీ వడ్రంగి 13 సెంటీమీటర్లే, పిచ్చుక కన్నా చిన్నది. రెంటికీ వీపు మీద తెల్ల మచ్చలే. పిగ్మీ మగదానికి కణత వెనక సన్నని ఎర్రగీత ఉంటుందని పుస్తకాలు రాస్తాయి. ఎండకు ఎదురుగా, తలెత్తి చూసేవాడికి ఆ గీత ఎక్కడ చిక్కుతుంది!

అందుకే ఎవరైనా ఫోటో చూపించి పేరడిగితే, "ఏ కొమ్మ మీద ఉంది?" అనడుగుతాను. మొద్దునీ లావు కొమ్మల్నీ పట్టుకుని పాకేది పసుపు నెత్తిది. పిగ్మీ బరువు పదిహేను గ్రాములు అటూఇటూ. వేలంత లావైనా లేని చివరి రెమ్మల దాకా పోగలదు, వాటి కింద తలకిందులుగా వేలాడి పురుగులు ఏరుకోగలదు. పెద్దవాటికి అక్కడ పట్టు దొరకదు. పైగా పిగ్మీ తరచూ ఇతర చిన్న పిట్టల గుంపుతో కలిసి తిరుగుతుంది. గుంపు సందడి వినబడగానే నేను చూసేది చెట్టు చివళ్లనే.

1931-32లో సాలిం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు, తేల్చుకోవడానికి పిట్టను కాల్చి చేతిలోకి తీసుకోవడమే పద్ధతి. ఇప్పుడు కెమెరాలున్నాయి, మంచిదే. కానీ రెక్కలు మాత్రమే నిండిన క్లోజప్ కన్నా, కొమ్మతో సహా పడిన మసక ఫోటోయే నాకు ఎక్కువ పనికొస్తుంది.

ఇంకొకటి. కాలనీల్లో ఎండుకొమ్మ కనబడగానే కొట్టించేస్తాం. మీద పడుతుందన్న భయం లేకపోతే, కోయించే ముందు ఒకసారి దాని అడుగువైపు చూడండి. పిగ్మీ గూటి కన్నం చాలాసార్లు అటువైపే ఉంటుంది.