రాయి కాని రాయి

బవేరియాలోని వీస్ చర్చి 1745–54 మధ్య కట్టినది. కట్టడం డొమినికస్ జిమ్మర్‌మన్‌ది, పైకప్పు చిత్రాలు అతని అన్న యోహాన్ బాప్టిస్ట్‌వి. గార పనికి పేరుమోసిన వెస్సోబ్రున్ ప్రాంతపు అన్నదమ్ములు. చిత్రాల్ని అందరూ మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం బలిపీఠం దగ్గరి ఎర్రని, నీలి స్తంభాల మీదే.

అవి పాలరాయి కాదు, జిప్సం. జిప్సం పొడిలో రంగు, జంతువుల జిగురు కలిపిన నీళ్లు పోసి చపాతీ పిండిలా పిసుకుతారు. జిగురుంటే ముద్ద తొందరగా బిగుసుకోదు, చేతికి వ్యవధి దొరుకుతుంది. వేర్వేరు రంగుల ముద్దలు కలిపి బిళ్లలుగా కోస్తే లోపల రాతి చారలు తేలతాయి. బిళ్లల్ని స్తంభానికి అద్ది, ఆరాక గీకి, రాళ్లతో రుద్ది, బెజ్జాలు పూడ్చి, మళ్లీ రుద్దుతారు. అలా ఎన్నో విడతలు, రాయి మార్చిన ప్రతిసారీ ఇంకాస్త నునుపు. చివర్న నూనో మైనమో పట్టిస్తేనే ఆ నిగనిగ.

దీన్ని నకిలీ అంటే నేను ఒప్పుకోను. గనిలో దొరికిన రంగుతో సరిపెట్టుకోకుండా, పైనున్న చిత్రానికి నప్పే రంగును ఇక్కడ మనిషే చేసుకున్నాడు. తాకి చూస్తే పాలరాయంత చల్లగా కూడా ఉండదు.