లైనరు వేడెక్కాక

బస్సు బ్రేకుల సత్తా సమతల రోడ్డు మీద తేలదు, దిగుడులో తేలుతుంది. అందుకే పెద్ద బస్సులకు, భారీ లారీలకు ఐక్యరాజ్యసమితి బ్రేకు నిబంధన 13లో ప్రత్యేకంగా ఒక పరీక్ష పెట్టారు. బండికి అనుమతించిన పూర్తి బరువు ఎక్కిస్తారు. నూరు మీటర్లకు ఆరు మీటర్లు దిగే వాలులో, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ఆరు కిలోమీటర్లు దిగితే ఎంత భారం పడుతుందో అంత భారం మోపుతారు. ఆ వేడి చల్లారకముందే బ్రేకు తొక్కి, బండి ఎంత గట్టిగా ఆగుతుందో కొలుస్తారు. డ్రమ్ము కాలిన కొద్దీ లైనరు పట్టు సడలుతుంది. సడలినా ఆపగలగాలి.

ఉత్తర తెలంగాణలో ఈ మాట ఎత్తితే కొండగట్టు కళ్ల ముందుకొస్తుంది. 2018 సెప్టెంబరు 11న శనివారంపేట నుంచి జగిత్యాల వెళ్తున్న ఆర్టీసీ బస్సు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో వంద మంది దాకా ఉన్నారు. అంత బరువుతో ఏ ప్రయోగశాలా పరీక్ష చేయదు. అనుమతించిన బరువు దాటాక, పరీక్ష సర్టిఫికెట్‌లోని అంకెలు ఆ బండికి వర్తించవు.

కొత్త మోడల్ రోడ్డెక్కాలంటే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ దాని కింద పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి ఒప్పుకోవాలి. అక్కడి దాకా కట్టుదిట్టమే.

చిక్కు ఆ తర్వాతే. గోదావరిఖని బొగ్గు టిప్పరైనా, కరీంనగర్ గ్రానైట్ లారీ అయినా, ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే వ్యాన్ అయినా, కంపెనీ బిగించిన లైనర్లు అరిగాక కొత్తవి వేసేది ఊరి షెడ్డులోని మెకానిక్. ఆయన పనితనాన్ని శంకించాల్సిన పని లేదు. డ్రమ్మును వేలితో తడిమి లోపం చెప్పే చేతులు ఈ జిల్లాల్లో ఉన్నాయి. కానీ చల్లగా ఉన్న లైనరు వేడెక్కాక ఎంత పట్టు నిలుపుకుంటుందో ఏ చేయీ చెప్పలేదు. అది చెప్పాల్సింది డైనమోమీటరే. ఒరిజినల్‌కూ డూప్లికేట్‌కూ తేడా డబ్బా రంగులో కన్నా ఆ వేడిలోనే బయటపడుతుంది.

రవాణా బండ్లకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తప్పదు. తిమ్మాపూర్ రవాణా ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసినా, ఆటోమేటెడ్ స్టేషన్‌లో రోలర్ల మీద చక్రం చక్రానికీ కొలిచినా, పరీక్ష కొద్ది నిమిషాల్లో, బ్రేకు అంతగా వేడెక్కకముందే అయిపోతుంది. అరిగిన బ్రేకు, ఒక పక్కకు లాగే బ్రేకు అక్కడ దొరికిపోతాయి. అది చిన్న మేలు కాదు. ఘాట్‌లో పట్టు వదిలే నాసిరకం లైనరు మాత్రం అక్కడా తప్పించుకోగలదు. కాబట్టి దాన్ని కొనే దగ్గరే ఆపాలి.

లారీ యజమానులకు, స్కూలు బస్సులు నడిపే యాజమాన్యాలకు ఒక విన్నపం. లైనర్లు మార్పించేటప్పుడు తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు చూడండి. ఐఎస్ 2742 ప్రమాణానికి చేసిందేనా అని దుకాణంలో అడగండి. బిల్లు తీసుకుని బండి కాగితాలతో పాటు దాచండి.