వ్యర్థము, కిణ్వనము, నడుమ ఒక బాణపు గుర్తు

వ్యవసాయ వ్యర్థములనుండి సూక్ష్మజీవుల సాయమున ఉపయోగకరమైన పదార్థములను తయారు చేయవచ్చునని చెప్పు వ్యాసములు తెలుగులో తరచుగా వెలువడుచున్నవి. విద్యార్థుల వైజ్ఞానిక ప్రదర్శనలలోను ఈ విషయముపై పటములు కనబడుచున్నవి. సంతోషింపదగినదే. కాని వీనిలో పెక్కింటి యందు ఒకే లోపము గలదు. ఎడమప్రక్క చెత్తకుప్ప, కుడిప్రక్క సీసాలో ఆమ్లమో, ఔషధమో. నడుమ ఒక బాణపు గుర్తు, దానిపై ‘కిణ్వనము’ అను మాట. కష్టమంతయు ఆ బాణములోనే దాగియున్నదన్న సంగతి చూచువారికి తెలియదు.

హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టునే చూడుడు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిలో అచ్చట కుళ్ళిన కూరగాయలనుండి వాయువును, దానినుండి విద్యుత్తును తీయుచున్న విషయమును 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున ప్రశంసించినారు. నాడు చెప్పిన లెక్క ప్రకారము దినమునకు సుమారు 10 టన్నుల వ్యర్థము, 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధనము. ఈ అంకెలను మనము మెచ్చుకొని ఊరకుంటిమే కాని భాగించి చూడలేదు. ఆ ఇంధనము నటుంచినచో, ఒక్క యూనిట్టుకు 20 కిలోల కూరగాయలు! ఇది ఆ యంత్రమునకు నింద కాదు. టమాటా, ఆకుకూరల బరువులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే గదా. పైగా, అదే చెత్త ఊరిబయట గుట్టగా కుళ్ళినచో మీథేను గాలిలో కలియును. నూరేండ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించును.

అయినను, వేయి పదార్థములుండగా వాయువునే ఏల ఎన్నుకొన్నారు? వ్యాసకర్తలు అడుగవలసిన ప్రశ్న యిది.

గాలి సోకని తొట్టిలో ఒక తెగ సూక్ష్మజీవులు పిండిపదార్థమును, పీచును కరగించి చక్కెరలుగా చేయును. మరియొక తెగ ఆ చక్కెరలను ఎసిటిక్, బ్యుటిరిక్ మొదలగు ఆమ్లములుగా మార్చును. ఇంకొక తెగ పెద్ద ఆమ్లములను ఎసిటిక్ ఆమ్లముగను, హైడ్రోజనుగను విడగొట్టగా, చివరివి మీథేనును పుట్టించును. కూరగాయలు త్వరగా పులియును. ఆమ్లము పేరుకొన్నచో మీథేనును చేయు జీవులు పని మానివేయును. తొట్టి చెడినదని పనివారు వాపోవుదురు. ఆమ్లమే కావలసినవానికి మాత్రము అది పంట! కాని ఆ పంటను కోయుట యెట్లు? లీటరు నీటిలో పదియో, ఇరువదియో గ్రాముల ఆమ్లముండును. ఎసిటిక్ ఆమ్లము మరుగునది 118 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద. నీరు 100 వద్దనే మరుగును. కనుక స్వేదనము చేయబూనినచో ముందుగా ఆ నీటినంతయు ఆవిరి చేయవలెను. కట్టెల ఖర్చే ఆమ్లపు వెలను మించిపోవును. (సిర్కాను నీటితోనే అమ్ముదుము గనుక దాని కీ బాధ లేదు.) మీథేను అట్లు కాదు. నీటిలో అంతగా కరుగదు; బుడగలై తనంతట తానే వేరగును. బోయినపల్లి వారి వివేక మిచ్చటనే యున్నది.

ఇంకొక ఉపాయము కూడ కలదు. పలుచని ఆమ్లమును మరియొక బాక్టీరియాకు మేతగా వేసినచో, అది దానిని తిని తన కణములో ప్లాస్టిక్కు వంటి రేణువులుగా దాచుకొనును. కణములను నీటినుండి వడిగట్టుట సులభము. హైదరాబాదులోని ఆ సంస్థయందే ఎస్. వెంకటమోహన్ బృందము ఆహార వ్యర్థములతో ఇట్టి పరిశోధనలను సాగించినది. అయితే కణమును పగులగొట్టి రేణువును తీయుట మరల ఒక ఖర్చు.

పెన్సిలిన్ కథ దీనికి భిన్నమైనది. 1941లో అమెరికాలోని పియోరియా పరిశోధనాలయమున మోయర్ అను శాస్త్రజ్ఞుడు, పిండి తీయుటకై మొక్కజొన్నలను నానబెట్టిన నీటిని చిక్కజేసి బూజునకు ఆహారముగా వేయగా ఔషధపు దిగుబడి ఎన్నో రెట్లు పెరిగినది. ద్రవములో ఔషధము బహు స్వల్పమే. దానిని ఆమ్లీకరించి, వేరొక ద్రావణిలోనికి లాగి, మరల నీటిలోనికి దింపి తీసినారు. ప్రాణములు నిలుపు మందు గనుక ఆ శ్రమ గిట్టినది.

ఇక ‘వ్యర్థము’ అను మాట సంగతి. మక్తల్ ప్రాంతమున జూరాల, భీమా నీళ్లు పారు పొలములలో వరి పండును గనుక ఇచ్చటి పిల్లల పటములలో ఊక తప్పక ఉండును. కాని ధాన్యపు బరువులో అయిదవవంతుండు ఊకలో ఇసుక జాతికి చెందిన సిలికా మెండు. లిగ్నిన్ అను గట్టి పదార్థమును మెండే. సూక్ష్మజీవులకది ఇనుపగుగ్గిళ్లు. బాయిలరులో మండి అది తన పని తాను చేయుచునే యున్నది. తవుడు నూనెమిల్లుకో, పశువులకో పోవును. దానికి వ్యర్థమని పేరు పెట్టుట తగదు. ఉప్పుడు బియ్యము చేయు మిల్లులలో వడ్లు నానిన నీరు మాత్రము ఎవరికిని అక్కరలేదు. అది కాలువలో పడి, తనంతట తానే పులిసి, వీధి పొడవునను కంపు కొట్టును. పియోరియా నీటికి ఇది చుట్టమే కాని మిక్కిలి పలుచన. మందుకు పనికిరాదు, వాయువునకు పనికివచ్చును. ఏ ప్రదర్శనలోను దాని పటమును నేను ఇంతవరకు చూడలేదు.