గొర్రు కదిలితేనే చరిత్ర

అనంతపురం ఎర్రనేలల్లో వాన పడ్డాక విత్తే పదును ఎన్నో రోజులు నిలవదు. ఆలోపే చేనంతా విత్తాలి. గింజ తడి ఉన్న లోతులోనే పడాలి. ఈ రెండు అవసరాలనూ తీర్చేది గొర్రు. కొయ్య దూలానికి పళ్లు, పళ్ల వెనక వెదురు గొట్టాలు, ఆ గొట్టాలన్నీ కలిసేచోట గింజలు వేసే గిన్నె, జడ్డిగం. ఎద్దులు ముందు నడుస్తుంటే, వెనక ఆడమనిషి పిడికిట్లోంచి గింజలను జడ్డిగంలోకి సమంగా జారవిడుస్తుంది. సన్నటి కొర్రగింజకు వేళ్లను ఎంత బిగించాలో ఆ చేతికే తెలుసు.

ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది. కొర్ర మూడు నెలల్లోపే చేతికొస్తుంది, దాని వేళ్లు పైమట్టిలోనే ఉంటాయి. కంది ఐదారు నెలలు నిలిచి లోతు తేమను వెతుక్కుంటుంది, ఆకు రాల్చి నేలకు ఎరువిస్తుంది. నడుమ వాన మొండికేస్తే ఒకటి పోవచ్చు, రెండోది మిగలొచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేకుండా కురిసే సీమలో ఇదే రైతుకు బీమా. కంది సాళ్ల నడుమ గుంటక తోలితే పైమట్టి పొడై పగుళ్లు మూసుకుంటాయి, అడుగు తేమ ఎగిరిపోదు.

పండిన జొన్న పాతరలోకి వెళ్లేది. గొయ్యిలో గడ్డి పరిచి, గింజ నింపి, మట్టితో మూసేవారు. లోపల గాలి తరిగి పురుగు చచ్చేది. అందుకే పాతర తెరిచిన వెంటనే ఎవరూ దిగేవారు కాదు, కాసేపు గాలి ఆడనిచ్చేవారు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్రన్నం, రాగిసంగటి పళ్లేల్లో తగ్గాయి. 1986లో నూనెగింజల మిషన్ మొదలైంది. మార్కెట్ పిలుపుకు అప్పటికే విస్తరిస్తున్న చెనిక్కాయ (వేరుశనగ) చేలను ఆక్రమించింది. డబ్బు తెచ్చింది నిజమే. కానీ ఒక్క పంట మీద నిలబడిన ఇంటికి ఒక్క కరువు చాలు, బెంగళూరు బస్సెక్కడానికి.

ఈ పాత సేద్యాన్ని కాపాడాలంటే ముందుగా మ్యూజియమే గుర్తొస్తుంది. స్వీడన్‌లో 1891లో ఆర్టర్ హజేలియస్ ప్రారంభించిన స్కాన్సెన్, పల్లె ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన ఆరుబయటి మ్యూజియం. మన మెట్ట సేద్యాన్ని అలా తరలించలేం. గొర్రును అద్దాల వెనక పెడితే కొయ్య మిగులుతుంది, విత్తే చెయ్యి మిగలదు. సీసాలో దాచిన విత్తనం కొన్నేళ్లకు మొలక శక్తి కోల్పోతుంది. ఏటా విత్తితేనే అది విత్తనం.

కాబట్టి మనకు కావలసింది పనిచేస్తున్న రైతుకుటుంబాల చేలే. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ బీడును అడవిగా మార్చింది, చిన్నరైతుల చిరుధాన్యాలకు సహకార సంఘం ద్వారా మార్కెట్ చూపింది. ఇలాంటి పునాది ఉన్నచోట ప్రతి మండలంలో ఒకటి రెండు పాతకాలపు చేలను గుర్తించవచ్చు. ఆ కుటుంబానికి పంట నష్టానికి పూచీ ఇవ్వాలి. గొర్రు చేసే వడ్రంగికి, విత్తే ఆమెకు గురువుల హోదాలో వేతనం ఇవ్వాలి. బడిపిల్లలు విత్తే రోజునే రావాలి, కోతల పండగకే కాదు. అక్కడ వలస పోయిన ఏడాది కథ కూడా చెప్పాలి. కరువును దాచిన చరిత్ర అనంతపురానిది కాదు.