కొసల్లో ఉంది పనితనం

క్యాంపింగ్ ట్రైలరు కొనేవాళ్లు పడకలు ఎన్నున్నాయి, వంటగట్టు ఎంతుంది, బాత్రూములో మనిషి నిటారుగా నిలబడగలడా అని ఒకటికి పదిసార్లు చూసుకుంటారు. ఆ చక్రాల ఇంటికి కరెంటు మోసుకొచ్చే తీగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం డీలరు చేతిలో పెట్టిందే పుచ్చుకుని బయల్దేరతారు. నాకు ఆ తీగంటే గౌరవం. వానలో నానుతూ, ఎండలో మాడుతూ, కంకర మీద ఒరుసుకుంటూ ఏసీనీ ఫ్రిజ్‌నీ రైస్ కుక్కర్‌నీ నడిపించే వస్తువు అది. చేసినవాళ్లు దానిలో ఎంత ఆలోచన పెట్టారో దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. అలా చూసినకొద్దీ నాకు తేలిందేమిటంటే, మంచి తీగకీ మామూలు తీగకీ తేడా దాని పొడవులో కన్నా దాని రెండు కొసల్లో ఎక్కువగా ఉంటుంది.

ఇది అమెరికా క్యాంపుగ్రౌండుల సంగతి. అక్కడ ట్రైలరు నిలిపే స్థలం పక్కన నడుమెత్తు కరెంటు పెట్టె ఒకటి ఉంటుంది. పెడెస్టల్ అంటారు. మూత ఎత్తితే మామూలు ఇంటి సాకెట్టు, 30 ఆంపులది, 50 ఆంపులది, ఒక్కోదానికి విడిగా బ్రేకరు కనిపిస్తాయి. ఈ పెట్టె ట్రైలరుకి ఎడమ వైపున ఉండాలని, ట్రైలరు తీగ కనీసం 25 అడుగులు ఉండాలని అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది. ఆ నియమం వల్లే ఏ ఊరి ట్రైలరు ఏ రాష్ట్రానికి వెళ్లినా తీగ పెట్టెకి అందుతుంది. అన్ని చోట్లా కరెంటు ఉండదు లెండి. యోసెమిటీ పార్కు క్యాంపుగ్రౌండుల్లో ఈ ఏర్పాటే లేదు. యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఉంది, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున ట్రైలర్ విలేజ్‌లో ఉంది. స్థలం బుక్ చేసుకునేటప్పుడే ఇది చూసుకోవాలి.

30, 50 అనే అంకెలు చూసి రెండోది మొదటిదానికి ఒకటిన్నర రెట్లకి కాస్త పైన అనుకునేవాళ్లు చాలామంది. లెక్క అలా లేదు. 30 ఆంపుల సాకెట్టులో ఫేజు ఒకటే, 120 వోల్టులు. మొత్తం 3,600 వాట్లు. 50 ఆంపుల దానిలో ఫేజులు రెండు, ఒక్కోదాని మీదా 50 ఆంపులు, రెండింటి మధ్య 240 వోల్టులు. మొత్తం 12,000 వాట్లు, అంటే మూడు రెట్లకి పైనే. ఈ నాలుగు రంధ్రాల సాకెట్టునే నీమా 14-50 అంటారు. అక్కడ ఎలక్ట్రిక్ కారు కొన్న మనవాళ్లు ఎంతోమంది గరాజులో పెట్టించుకున్నది ఇదే. 30 ఆంపులదాని పేరు టీటీ-30. ఆ రెండు టీలూ ట్రావెల్ ట్రైలరువి. పుట్టుకే ట్రైలరు కోసం.

ఇప్పుడు 30 ఆంపుల తీగని ఒకదాన్ని చేతిలోకి తీసుకుందాం. ముందు తొడుగు మీద అచ్చుని చదవాలి. ఎస్‌టీడబ్ల్యూ, 10/3 అని ఉంటుంది. ఎస్ అంటే మోటు వాడకానికి తట్టుకునేది, 600 వోల్టుల స్థాయిది. టీ అంటే తొడుగు థర్మోప్లాస్టిక్‌ది. డబ్ల్యూ అంటే ఎండావానల్లో ఆరుబయట ఉంచదగ్గది. ఎస్ పక్కన జే కనిపిస్తే అది 300 వోల్టుల తేలిక రకం. 10 అనేది తీగ గేజి, 3 అనేది లోపలి తీగల సంఖ్య. గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. మూడు అంకెలు దిగితే రాగి రెట్టింపవుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంట్లో తోటపనికి వాడే సన్న ఎక్స్‌టెన్షన్ తీగ మామూలుగా 16 గేజి. అంటే దానిలో ఉన్న రాగి దీనిలో నాలుగో వంతు. 50 ఆంపుల తీగలో 6 గేజివి మూడు, ఎర్త్ కోసం 8 గేజిది ఒకటి ఉంటాయి. అది చుట్ట చుట్టడానికే బలం కావాలి.

తొడుగు కోసి చూస్తే లోపల నలుపు, తెలుపు, ఆకుపచ్చ తీగలు. ఒక్కోదాని లోపల ఒకే లావు కడ్డీ కాకుండా వందకి పైగా సన్న రాగి పోగులు, ఒక్కో పోగు పావు మిల్లీమీటరు మందం. గోడలో పాతే తీగ ఒకసారి వంచాక కదలదు కాబట్టి దానికి కడ్డీ చాలు. దీన్ని ప్రతి మజిలీలో విప్పి, ప్రతి మజిలీలో చుడతారు. కడ్డీ అయితే వంగినచోటే వంగి విరిగిపోతుంది. పోగులైతే ఆ వంపుని తలా కాస్త పంచుకుంటాయి. ఆ పోగుల్ని మెలివేసిన తీరులో, మూడు తీగల్నీ మళ్లీ కలిపి మెలివేసిన తీరులో ఉన్న శ్రద్ధని ఎవరూ చూడరు, ఎందుకంటే దాన్ని తొడుగు కప్పేస్తుంది. చవక సరుకులో రాగికి బదులు రాగి పూసిన అల్యూమినియం పెట్టేది కూడా ఈ చాటునే. అదే మందంలో అనుమానం వచ్చేంత తేలిగ్గా తీగ ఉంటే కొనకండి. యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు అచ్చులో లేకపోయినా అంతే.

ఇక కొసల సంగతి. ఇక్కడ చిన్న లెక్క వేయాలి. 10 గేజి రాగి వెయ్యి అడుగులకి దాదాపు ఒక ఓమ్ అడ్డుపడుతుంది. మన 25 అడుగుల తీగలో కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి 50 అడుగులు, అంటే 0.05 ఓమ్. నిండుగా 30 ఆంపులు పారితే 1.5 వోల్టులు పోతాయి, 45 వాట్ల వేడి పుడుతుంది. 25 అడుగుల మేర పరుచుకున్న ఆ వేడిని గాలి ఇట్టే తీసుకుపోతుంది. అందుకే తీగ పని చేసేటప్పుడు చుట్టగా ఉంచకుండా పరిచి పెట్టాలంటారు. ఇప్పుడు అదే 0.05 ఓమ్ ప్లగ్గు పిన్నుకీ సాకెట్టు పట్టుకీ మధ్య ఉన్న లూజ్ కాంటాక్టులో ఉందనుకోండి. అవే 45 వాట్లు అంగుళమైనా లేని చోట పుడతాయి. రేడియో రిపేరు కొట్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. క్యాంపుగ్రౌండులో కనిపించే కాలిన ప్లగ్గుల కథ చాలావరకు ఇదే. తీగ మధ్యలో కాలడం అరుదు, కాలేది కొసలోనే.

ఇది తెలిసినవాడు చేసిన ప్లగ్గు ఎలా ఉంటుందో చూడండి. పిన్నులు ఇత్తడివి, వాటి మీద నికెల్ పూత. పూత లేకపోతే తేమకి ఇత్తడి నల్లబడుతుంది, నల్లబడ్డ కొద్దీ కరెంటుకి అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా నల్లబడుతుంది. టీటీ-30లో రెండు చదును పిన్నులూ నిలువుగా ఉండవు, ఒకదానికొకటి ఏటవాలుగా ఉంటాయి. వేరే ఏ ప్లగ్గూ దీని సాకెట్టులోకి దూరకూడదని అలా పెట్టారు. మూడోది గుండ్రటి ఎర్త్ పిన్ను. ప్లగ్గు వీపున చెయ్యి పట్టేంత పిడి పోతపోసి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని అలంకారం అనుకుంటారు. బిగుసుకున్న సాకెట్టు నుంచి ప్లగ్గుని లాగాలంటే చేతికి పట్టు కావాలి, పట్టు దొరక్కపోతే మనిషి తీగని పట్టి గుంజుతాడు, లోపల అతుకు వదులవుతుంది. ఆ గుంజుడు జరగకుండా ఆపేది ఆ పిడే. నన్నడిగితే పిడి లేని 30 ఆంపుల ప్లగ్గుని కొట్లోనే వదిలేయాలి.

రెండో కొస ట్రైలరు గోడకి తగులుకుంటుంది. ఆ గోడ మీద మూడు వంపు పిన్నులు. గాడిలోకి నెట్టి, కాస్త కుడి వైపుకి తిప్పితే కొక్కెం పడుతుంది. పైన మరల పట్టీ ఒకటి తిప్పి బిగిస్తే రబ్బరు వాషరు నొక్కుకుని వాననీరు లోపలికి పోదు. తీగ బరువు కూడా పిన్నుల మీద పడకుండా పట్టీ మీద పడుతుంది. ఆ పట్టీని బిగించడానికి బద్ధకించేవాళ్లు చాలామంది ఉన్నారు. రోజూ లాగే తీగ బరువుకి కొక్కెం ఒక్కటే ఎంతకాలం గట్టిగా ఉంటుంది?

ఇంకో సంగతి చూడండి. పెడెస్టల్ వైపు కొసకి పిన్నులుంటాయి, ట్రైలరు వైపు కొసకి రంధ్రాలుంటాయి. కరెంటు వచ్చే వైపున ఎప్పుడూ రంధ్రాలే. తీగ పొరపాటున ట్రైలరు నుంచి ఊడి గడ్డిలో పడ్డా పిల్లల చేతికి తగిలే లోహం బయట ఉండదు. తీసి పెట్టుకునే ప్లగ్గు మీద కనెటికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌కి చెందిన హార్వే హబెల్ 1904లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటి నుంచి ఈ చిన్న వస్తువు మీద పెట్టిన బుద్ధి అంతా ఇంతా కాదు. రెండు కొసలకీ పిన్నులున్న తీగని ఎవరైనా సొంతంగా చేసి ఇస్తే దాన్ని ముట్టుకోవద్దు.

అడాప్టర్ల పని ఇంకా సున్నితమైనది. ప్లగ్గు రూపాలు వేరువేరుగా పెట్టింది ఒకదాని కరెంటు ఇంకోదానికి పోకుండా చూడటానికి. తెలిసి తెలిసి ఆ అడ్డుని దాటించే వస్తువు అడాప్టరు. అందుకే దాన్ని చేసేవాడి మీద బాధ్యత ఎక్కువ. 50 ఆంపుల ట్రైలరుని 30 ఆంపుల సాకెట్టుకి కలిపే అడాప్టరు లోపల ఒకే ఫేజుని రెండుగా చీల్చి రెండు పిన్నులకీ ఇస్తారు. ట్రైలరులో అన్నీ వెలుగుతాయి, కానీ మొత్తం మీద దొరికేది 3,600 వాట్లే. 15 ఆంపుల ఇంటి సాకెట్టుకి కలిపితే 1,800. అడాప్టరు రూపం మారుస్తుంది గాని కరెంటుని పెంచదు. తిరగేసి, 30 ఆంపుల ట్రైలరుని 50 సాకెట్టుకి కలిపితే పెడెస్టల్ బ్రేకరు 50 దాకా ఊరుకుంటుంది. అప్పుడు మనం ఎక్కువ లాగకుండా కాపలా కాసేది ట్రైలరు లోపలి 30 ఆంపుల మెయిన్ బ్రేకరే. అది సరిగ్గా ఉన్నంతకాలం ఈ పద్ధతి మంచిదే. 30 సాకెట్టు అరిగి వదులుగా ఉన్నచోట, పెద్దగా వాడని 50 సాకెట్టు గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి నేను దానివైపే మొగ్గుతాను.

అడాప్టర్లు రెండు రూపాల్లో దొరుకుతాయి. ఒకటి గుండ్రటి బిళ్ల, రెండోది రెండు తలల మధ్య జానెడు తీగ ఉండే డాగ్‌బోన్. బిళ్ల చవక, చిన్న చోటులో ఇముడుతుంది. కానీ దాన్ని తగిలించాక లావు తీగ బరువంతా సాకెట్టు పట్టు మీదే వేలాడుతుంది, పట్టు సాగుతుంది, పైన చెప్పిన లూజ్ కాంటాక్టు మొదలవుతుంది. డాగ్‌బోన్‌లో ఆ జానెడు తీగ బరువుని కిందికి దించేస్తుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనాలి. ఒకదాని వెనక ఒకటి అడాప్టర్లు గుచ్చుకుంటూ పోవడం మాత్రం వద్దు. తగిలించే ప్రతి అడాప్టరుతో వేడెక్కగల చోటు ఇంకొకటి పెరుగుతుంది.

మన వంటిళ్ల అలవాటు ఈ లెక్కల్ని ఇంకా బిగిస్తుంది. పైకప్పు ఏసీ 13 ఆంపుల దాకా, నీళ్లు కాచే హీటరు 12, ఇండక్షన్ స్టవ్వు 15 తీసుకుంటాయి. మూడూ కలిస్తే 40. 30 ఆంపుల బ్రేకరు పడిపోతుంది, అది దాని ధర్మం. హీటరు ఆపి అన్నం వండుకుంటే ఏ గొడవా ఉండదు. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ ట్రైలరులో పనికిరాదు. 50 ఆంపుల పెట్టెలో 240 వోల్టులున్నా ట్రైలరు లోపలి సాకెట్లకి వచ్చేది 120 మాత్రమే. 110 వోల్టుల మిక్సీ తీసుకెళ్లాలి.

ఇంటి దగ్గర కూడా టీటీ-30 సాకెట్టు పెట్టించుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. మూడు రంధ్రాలు, 30 ఆంపులు అనగానే బట్టలారబెట్టే యంత్రం సాకెట్టు అనుకుని 240 వోల్టులు కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ట్రైలరులో వస్తువులన్నీ ఒక్క క్షణంలో మాడిపోతాయి. తీగ తగిలించే ముందు మీటరు పెట్టి 120 అని చూసి తీరాలి. క్యాంపుగ్రౌండులో ఆ పని ఈఎమ్ఎస్ అనే పెట్టె చేస్తుంది. మంచి రకం పెట్టె వోల్టేజి 104 కిందికి పడినా, 132 దాటినా కరెంటు ఆపేస్తుంది. ఫేజు న్యూట్రల్ తారుమారైనా, ఎర్త్ లేకపోయినా కనిపెడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం అందరి ఏసీలూ నడిచేటప్పుడు వోల్టేజి పడిపోతుంది, పడిన కొద్దీ కంప్రెసరు ఎక్కువ ఆంపులు లాగి తనని తాను చెరుపుకుంటుంది. కాబట్టి తీగ మీద పెట్టినంత డబ్బు ఈ పెట్టె మీద పెట్టినా నష్టం లేదు.

వాడకంలో నియమం ఒకటే. బ్రేకరు ఆపి తగిలించాలి, ఆపి తీయాలి. కరెంటు పారుతుండగా లాగితే పిన్ను కొసన స్పార్కు వచ్చి నికెల్ పూత గుంటలు పడుతుంది. ఏసీ గంటసేపు నడిచాక ప్లగ్గు వీపు మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే, పిన్ను మొదట్లో గోధుమరంగు మచ్చ కనిపిస్తే, ఆ కొస పని అయిపోయినట్టు. దానికోసం తీగ మొత్తం పారేయక్కర్లేదు. మరలతో బిగించే కొత్త కొసలు దొరుకుతాయి. ఇండియాలో చేతిపని నేర్చినవాళ్లు ఇక్కడ ఆగి చూసుకోవాలి. మన ఇళ్లలో నలుపు న్యూట్రల్, అమెరికాలో నలుపు ఫేజు. నల్ల తీగ ఇత్తడి రంగు మరకి, తెల్లది వెండి రంగు మరకి, ఆకుపచ్చది ఆకుపచ్చ మరకి. మాడిన రాగిని కత్తిరించేసి, మెరిసే పోగులు కనిపించే దాకా తొడుగు ఒలవాలి. ఒక్క పోగు కూడా బయటికి పొడుచుకు రాకుండా మెలివేసి మర కిందికి దూర్చాలి. తీగ తొడుగుని కొస లోపలి బిగింపు పట్టీ కిందకి రానివ్వాలి, గుంజుడు రాగి మీద పడకుండా. బిగించాక ఏసీ ఒక్కటే వేసి అరగంట నడిపి, కొత్త కొస మీద మళ్లీ చెయ్యి పెట్టి చూడాలి.