మెట్లు లేని వాద్యము

ఒక వాద్యమును కొనుట వేఱు. దానిని తనదిగా చేసికొనుట వేఱు. ధనమున్న వాడెవ్వడైనను మొదటి పని చేయగలడు. రెండవదానికి చెవియు, చేయియు, పెక్కేండ్ల యభ్యాసమును కావలయును. ఈ భేదమును తెలిసికొనుటకు అమెరికా దేశపు వాద్యకారుడగు జాకో పాస్టోరియస్ వాయించిన బేస్ గిటారును మించిన యుదాహరణము నాకు కానరాదు. ఆ వాద్యమును గూర్చియు, అందు జరిగిన మార్పులను గూర్చియు, వానినుండి మనము గ్రహింపదగిన దానిని గూర్చియు ఇచట విచారించెదను.

బేస్ గిటారన నేమో యెఱుగని చదువరు లుందురు. సినిమా పాట వినునప్పుడు మనము గాయకుని గొంతును, వయొలినులను, తబలాను గుర్తింతుము. వాని యడుగున ఇంటికి పునాదివలె నుండు మంద్రస్వరమును గుర్తించుట యరుదు. ఆ స్వరమును పలికించునది నాలుగు లావుపాటి తంతులుగల యీ గిటారు. పూర్వము పాశ్చాత్యుల మేళములలో ఈ పనిని మనిషి నిలువుకంటె నెత్తైన కొయ్య వాద్యము చేయుచుండెను. దానికి మెట్లు లేవు. స్వరస్థానమును చెవితోనే వెదకికొనవలెను. మేళము బిగ్గరగా మ్రోగినచో దాని ధ్వని వినరాదు. 1951లో కాలిఫోర్నియాయందు లియో ఫెండరు ఆ మంద్రస్వరమును గిటారు రూపమునకు దించి, విద్యుత్తును చేర్చి, మెడపై లోహపు మెట్లను బిగించి విక్రయమునకు తెచ్చెను. మెట్టు వెనుక వ్రేలుంచినచో స్వరము తప్పదు గనుక దానికి 'ప్రిసిషన్ బేస్' అని పేరిడెను. ఖచ్చితమైన బేస్ అని దాని భావము. 1960లో ఆయన సంస్థయే 'జాజ్ బేస్' అను మఱియొక రకమును చేసెను. తంతుల కదలికను విద్యుత్తుగా మార్చు పికప్పులు దీనికి రెండు.

ప్రిసిషన్ బేస్ వెలువడిన యేటనే పాస్టోరియస్ జన్మించెను. ఫ్లోరిడాలో పెరిగిన యాతని చేతికి 1962 నాటి జాజ్ బేస్ యొకటి వచ్చెను. వెన్న రాయు కత్తితో దాని మెట్లను తానే యూడదీసితినని యాతడు చెప్పియున్నాడు. మెట్లు పోయిన గాడులను కొయ్యముద్దతో పూడ్చి, ఆపై పడవలకు పూయు ఎపాక్సీ లేపనమును పూసెను. మెట్లు తీయుటలో నాతడు ప్రథముడు కాడు. 1961లోనే ఇంగ్లండునందు బిల్ వైమన్ ఆ పని చేసియుండెను. 1966లో ఆంపెగ్ సంస్థ మెట్లు లేని బేసులను విక్రయించెను. కనుక పాస్టోరియస్ గొప్పతనము కత్తిలో లేదు. దానిని మఱియొక చోట వెదకవలెను.

ఆ లేపన మేల? అది అలంకారము కాదు. ఆతడు వాడిన తంతులు గుండ్రని తీగ చుట్టినవి. వాని ధ్వని నిగనిగలాడును గాని, మెట్లు లేనిచో అవి ఆకురాయివలె కొయ్యను తినివేయును. గట్టి లేపనము కొయ్యను కాపాడుటయే గాక స్వరమును ఎక్కువసేపు నిలుపును. తంతులను మోయు గుఱ్ఱమునకు దగ్గరనున్న పికప్పునే యాతడు ఎక్కువగా వాడినందున ధ్వని స్పష్టమై, కొంచెము ముక్కుతో పాడినట్లు వినబడును. ఇట్లు ప్రతి మార్పునకును ఒక ప్రయోజనము కలదు. ప్రయోజనము లేని మార్పు ఆ వాద్యమున నాకు కనబడలేదు.

ఇక దీనికి చెల్లించవలసిన మూల్యము. ఆ వాద్యమున మ్రోగు తంతి పొడవు సుమారు 86 సెంటీమీటరులు. మెడ మొదట ఒక స్వరమునకును తరువాతి స్వరమునకును నడుమ దూరము 5 సెంటీమీటరులకు కొంచెము తక్కువ. తంతి నడుమకు వచ్చునప్పటికి అది సగమగును. ఇందు కొన్ని మిల్లీమీటరులు తప్పినను అపస్వరము. మెట్లున్నప్పుడు లోహము కాచుచుండిన శ్రుతిని, అవి పోయిన పిదప వాదకుని చెవియే కాచుకొనవలెను. అనగా కట్టు తొలగిపోలేదు. వెలుపలి కట్టు లోపలికి వచ్చినది. ఈ సత్యమును గ్రహింపనివాడు మెట్లు తీసివేసినచో వానికి మిగులునది స్వేచ్ఛ కాదు, అపస్వరమే.

పాస్టోరియస్ దానిని గ్రహించెననుటకు ఆతని రికార్డులే సాక్ష్యము. 1976లో ఆతని పేరుతోనే వెలువడిన సంపుటమున 'కంటిన్యువమ్' అను రచన కలదు. అందు ప్రతి స్వరమును మానవకంఠమువలె సన్నగా కంపించుచు, ఒకదానినుండి మఱియొకదానికి జారుచు సాగును. మఱుసటి యేట 'వెదర్ రిపోర్ట్' మేళము ప్రకటించిన 'హెవీ వెదర్' సంపుటములో 'ఎ రిమార్క్ యూ మేడ్' అను రచనయందు ఈ వాద్యము అడుగునుండి పైకి వచ్చి, వేన్ షార్టరు సాక్సఫోనుతో సమముగా రాగమును పాడినది. పునాదిరాయి నోరు తెఱచి పాడినట్లుండును. ఐనను విమర్శకుడు దోషమును దాచరాదు. తొలి సంపుటమునకు మొదట నిలిపిన 'డోన్నా లీ'లోని వేగము ఆశ్చర్యపఱచును గాని హృదయమును తాకదు. ఆతని ననుసరించినవారిలో అనేకులు ఈ వేగమునే పట్టుకొని ఆ మాధుర్యమును విడిచిరి.

మఱికొందఱు పాతదనమునే కొనుచున్నారు. ఆతని వాద్యముమీది గీతలను, రంగు లేచిన చోటులను సైతము అనుకరించి, కొత్తదానిని పాతదిగా కనబడునట్లు చేసిన ప్రతులను ఫెండరు సంస్థయే విక్రయించినది. ఇతరుని శ్రమ మిగిల్చిన మచ్చలను వెలయిచ్చి తెచ్చుకొనుట భక్తియా, భ్రాంతియా? తాతగారి యరిగిన జపమాలను అంగడిలో కొనగలము. ఆయన చేసిన జపమును కొనగలమా?

మనకీ విషయము కొత్త కాదు. మన వీణకు మైనముపై నిలిపిన 24 మెట్లు కలవు. వైణికుడు వానిని తీయక, మెట్టుపై తంతిని లాగి గమకమును పలికించును. గోటువాద్యమునకు మెట్లే లేవు. పందొమ్మిదవ శతాబ్దారంభమున బాలుస్వామి దీక్షితులవారు పాశ్చాత్యుల వయొలినును మన సంగీతమునకు తెచ్చినప్పుడు, మెట్లు లేని దాని మెడ మన గమకమునకు మిక్కిలి యనుకూలమాయెను. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాసు జంటతంతుల మాండొలినును విడిచి, ఐదు ఒంటితంతులు గల విద్యుత్ మాండొలినుపై కర్ణాటక సంగీతమును పలికించెను. మెట్లను మాత్రము ఉంచుకొనెను. ఒకరు మెట్లను తీసిరి, ఒకరు ఉంచిరి, ఇద్దఱును సంస్కర్తలే. ఏది తీయవలెను, ఏది యుంచవలెను అనునది రాగము నిర్ణయింపవలసినదే గాని ఆవేశము కాదు. వాద్యముల విషయమున నిజమైన యీ మాట మన యిండ్లలోని ఆచారముల విషయమునను నిజమే. ఆచారమను మెట్టును తీసివేయువాడు, అది కాచుచుండిన ధర్మమును తన మనస్సుతో కాచుకొన గలిగియుండవలెను.

కథాంతము విచారకరము. పాస్టోరియస్ మనోవ్యాధికి లోనయ్యెను. ఆతని వాద్యము పలు ముక్కలు కాగా నేర్పరులు మరల కూర్చిరి. 1986లో న్యూయార్కు నగరమున అది యపహరింపబడెను. 1987లో ఆతడు దెబ్బలు తిని, 35 ఏండ్ల ప్రాయమున మరణించెను. సుమారు ఇరువది సంవత్సరములకు వాద్యము బయటపడగా, 2010లో మెటాలికా మేళములోని రాబర్ట్ ట్రుహీయో కుటుంబము పక్షమున పూనుకొని, ధనమిచ్చి దానిని విడిపించెను. ఆయన చేసినది మెచ్చదగిన పనియే. ఐనను అంతకాలము ఆ వాద్యము ఎవరిచేత నుండినను అది వారిది కాలేదు. శ్రుతిని లోహమునకు అప్పగింపక తన చెవిలో మోసినవానిదే యది. మన బిడ్డ యెవ్వడైనను వాద్యమును కొనగోరినప్పుడు దాని వెల యెంతయని మాత్రమే యడుగక, దాని శ్రుతిని మోయగలవా యని కూడ నడుగుదము.