ప్రోటో ఆస్ట్రలాయిడ్ అంటే ఏంటి సార్?

పోయిన సంవత్సరం తొమ్మిదో తరగతి పిల్లాడొకడు పోటీ పరీక్షల గైడు పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. ఆ గైడు వాళ్ళ అన్నది. అందులో మన తెగల పేర్ల ఎదురుగా ‘ప్రోటో ఆస్ట్రలాయిడ్ జాతి’ అని అచ్చేసి ఉంది. ‘‘ప్రోటో ఆస్ట్రలాయిడ్ అంటే ఏంటి సార్? మనోళ్ళు ఆస్ట్రేలియా నుంచి వచ్చినోళ్ళా?’’ అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. డి.ఎడ్. చదివే రోజుల్లో నేనూ ఆ మాటను బట్టీ పట్టాను. పరీక్షలో రాశాను, మార్కులు వేయించుకున్నాను. కోయవాడినై ఉండి కూడా, ఈ పేరు మాకు ఎవరు పెట్టారు, ఏం కొలిచి పెట్టారు అని ఒక్కసారీ అడగలేదు. పిల్లాడి ప్రశ్న నన్ను ఆస్ట్రేలియా దాకా తీసుకుపోయింది. అక్కడి మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఈమధ్య భూగర్భశాస్త్రం, జీవశాస్త్రం, గణితం కలిపి జరిగిన కొన్ని పరిశోధనల గురించి చదివాను. అవన్నీ అక్కడి ఆదివాసుల నేలకు, కథలకు, రక్తానికి సంబంధించినవి. వాటిలో ఏది మెచ్చదగింది, ఎక్కడ అనుమానించాలి, మనం ఏం నేర్చుకోవాలి అన్నది ఈ వ్యాసంలో చెప్తాను.

కంగారూ బొమ్మ, కందిరీగ గూడు

ఆస్ట్రేలియా వాయవ్య మూలన కింబర్లీ అనే ప్రాంతం ఉంది. అక్కడ బాలంగర్రా ప్రజల నేలలో, ఒక రాతి చరియ కప్పు మీద జేగురు రంగుతో గీసిన కంగారూ బొమ్మ ఉంది. పొడవు సుమారు రెండు మీటర్లు. దాని వయసు తేల్చడం చాలాకాలం వీలుకాలేదు. బొగ్గుతో గీసిన బొమ్మకైతే కార్బన్ పరీక్ష చేయొచ్చు. జేగురులో ఉండేది ఇనుము. దానికి ఆ పరీక్ష పనికిరాదు.

డేమియన్ ఫించ్ అనే పరిశోధకుడు, ఆయన బృందం దీనికి కందిరీగల సాయం తీసుకున్నారు. మట్టిగూడు కట్టే కందిరీగలు మన ఇళ్ళ దూలాల మీద కట్టినట్టే అక్కడ రాళ్ళ మీద కడతాయి. అవి తెచ్చే మట్టిలో అడవి మంటల నుంచి వచ్చిన బొగ్గు నలుసులు ఉంటాయి. చెట్టు చచ్చిన నాటి నుంచి దానిలోని కార్బన్-14 తరుగుతూ వస్తుంది. సుమారు 5,730 సంవత్సరాలకు సగమవుతుంది. మళ్ళీ అంతకాలానికి మిగిలినదాంట్లో సగమవుతుంది. కాబట్టి నలుసులో ఎంత మిగిలిందో కొలిస్తే గూడు వయసు తెలుస్తుంది.

ఆ బొమ్మ కింద ఉన్న గూళ్ళు మూడు, బొమ్మ మీద కట్టిన గూళ్ళు మూడు దొరికాయి. కింది గూడు బొమ్మకన్నా పాతది. పై గూడు బొమ్మకన్నా కొత్తది. బొమ్మ వయసు ఆ రెండింటి నడుమ ఉండాలి. అలా 17,500, 17,100 సంవత్సరాల మధ్య గీసిందని, బహుశా 17,300 ఏళ్ళదని 2021లో ప్రకటించారు.

ఈ పని నాకు నచ్చింది. కారణం, అందులో ప్రతి మెట్టూ పదో తరగతి పిల్లలకు చూపించవచ్చు. మూడుసార్లు సగం చేస్తే ఎనిమిదో వంతు. 5,730ని మూడుతో గుణిస్తే 17,190. అంటే ఆ బొగ్గులో మొదట ఉన్న కార్బన్-14లో మిగిలింది దాదాపు ఎనిమిదో వంతు. గణితం పుస్తకంలోని ఘాతాంకాల పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేనెరగను. పైగా పరిశోధకులు ఆ నేల ప్రజలతో కలిసి ఈ పని చేశారు.

ఒక్క మాట మాత్రం మనం జాగ్రత్తగా వాడాలి. ఇలాంటి వార్తల్లో ‘కనుగొన్నారు’ అని రాస్తారు. బొమ్మ ఎక్కడుందో ఆ నేలవాళ్ళకు ముందే తెలుసు. శాస్త్రవేత్తలు కనుగొన్నది దాని వయసును. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే, మన అడవిలో మన తాతలు చూపించిన చోటు కూడా రేపు ఎవరో కనుగొన్నదైపోతుంది.

కొండ కథ

అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిన్ మాచన్ బృందం 2020లో రెండు అగ్నిపర్వతాల వయసు లెక్కగట్టింది. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో గుండిట్జ్‌మారా ప్రజల నేలలోని బడ్జ్ బిమ్ వాటిలో ఒకటి. రెండోది టవర్ హిల్. లావా రాయిలో పొటాషియం చాలా నెమ్మదిగా ఆర్గాన్ వాయువుగా మారుతుంది. ఆ ఆర్గాన్‌ను కొలిచి బడ్జ్ బిమ్ 36,900 ఏళ్ళ కిందట, టవర్ హిల్ 36,800 ఏళ్ళ కిందట పేలాయని చెప్పారు. మొదటిదానికి 3,100, రెండోదానికి 3,800 సంవత్సరాలు అటూ ఇటూ కావచ్చు. టవర్ హిల్ బూడిద పొర కింద 1947లో ఒక రాతి గొడ్డలి దొరికింది. అంటే పేలుడుకు ముందే అక్కడ మనుషులు ఉన్నారన్నమాట.

గుండిట్జ్‌మారా పెద్దలు చెప్పే కథలో, తమ నేలకు వచ్చిన మహాకాయుల్లో ఒకరు అక్కడే కూర్చుండిపోయి కొండగా మారారు. కొండ ఆయన తల, లావా ఆయన పళ్ళు. ఆ కథ నిజంగా పేలుడును చూసినవాళ్ళదే అయితే, మనుషులు ఇప్పటికీ చెప్పుకుంటున్న కథల్లో అత్యంత పాతవాటిలో అదొకటి కావచ్చని పరిశోధకులు అన్నారు.

ఇక్కడ ‘అయితే’ అన్న మాటను వదిలేయొద్దు. రాయికి వయసు దొరికింది, కథకు దొరకలేదు. పేలుడు ఎప్పుడు జరిగిందో ఆర్గాన్ చెప్తుంది గాని, కథ ఎప్పుడు పుట్టిందో చెప్పదు. పరిశోధకులు షరతు పెట్టి చెప్పిన మాటను మనం ఉత్సాహం కొద్దీ షరతు తీసేసి చెప్తే అది మనకే చేటు. ఎవరో ఒకరు దాన్ని తప్పని తేల్చిన రోజున కథ మొత్తం కట్టుకథ అయిపోతుంది.

అయితే నాకు ఇంకో అభ్యంతరం ఉంది. రాయి సాక్ష్యం చెప్పేదాకా ఆ కథను చదువుకున్నవాళ్ళు పట్టించుకోలేదు. మన దగ్గరా అంతే. డోలీలు పడిగె విప్పి ఇలవేల్పు కథ చెప్తుంటే మన ఉద్యోగస్థులే ‘పుక్కిటి పురాణం’ అని నవ్వడం నేను చూశాను. ఇంకొందరు అదే కథను పట్టుకొని లక్షల ఏళ్ళ నాటిదని ఉపన్యాసం ఇస్తారు. కథను వినకుండా కొట్టేయడమూ, పరీక్షించకుండా పొగడడమూ రెండూ తప్పే. ముందు కథను పూర్తిగా, చెప్పేవాళ్ళ మాటల్లోనే రాసి పెట్టుకోవాలి. రాయిని అడిగే పని తర్వాత.

తలలు కొలిచిన పెద్దమనిషి

ఈ విశ్వవిద్యాలయాన్ని ఇంతవరకు మెచ్చుకున్నాను కాబట్టి దాని రెండో ముఖమూ చెప్పాలి. అక్కడ 1906 నుంచి 1929 దాకా రిచర్డ్ బెర్రీ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు పనిచేశాడు. తల పెద్దదైతే తెలివి ఎక్కువ, చిన్నదైతే తక్కువ అని ఆయన నమ్మకం. బడిపిల్లల తలలు కొలిచాడు. టాస్మానియా ఆదివాసుల పుర్రెలు 52 తీసుకొని వాటి ఆకారాలు గీసి 1909లో అచ్చువేశాడు. ఆ కొలతలకు గణాంకాల లెక్కలు కట్టి ఏ జాతి ఎంత ‘స్వచ్ఛమైనదో’ తేల్చబోయాడు. ఆదివాసుల ఎముకలు సమాధుల నుంచి తవ్వి తెచ్చినవి ఆ విశ్వవిద్యాలయంలో వందల మందివి పోగుపడ్డాయి.

1984లో జిమ్ బెర్గ్ అనే గుండిట్జ్‌మారా మనిషి ఆ ఎముకల్లో ఒక పెద్ద సేకరణ కోసం విశ్వవిద్యాలయం మీద కోర్టుకెక్కాడు. గెలిచాడు. 1985లో 38 మంది పూర్వీకుల అస్థికలను మెల్‌బోర్న్ నగరంలోనే ఒక తోటలో తిరిగి మట్టిలో కలిపారు. బడ్జ్ బిమ్ కథను కాపాడుకున్నదీ, విశ్వవిద్యాలయాన్ని కోర్టుకు ఈడ్చిన మనిషిని కన్నదీ ఒకే తెగ అని గమనించండి.

ఇంకో సంగతి. ఆ విశ్వవిద్యాలయంలో గణిత, గణాంక శాస్త్రాల విభాగం ఉన్న భవనానికి చాలాకాలం ఈ బెర్రీ పేరే ఉండేది. అభ్యంతరాలు వచ్చాక ఆ పేరు తీసేసి, 2016లో చనిపోయిన గణాంక శాస్త్రవేత్త పీటర్ హాల్ పేరు పెట్టారు. 2024లో విశ్వవిద్యాలయమే ఆదివాసుల పట్ల తన చరిత్రను ఒక గ్రంథంగా వెలువరించింది. మంచిదే. కాని జిమ్ బెర్గ్ కోర్టుకెక్కిన నలభై ఏళ్ళకు అది వచ్చింది. తప్పును ముందు చెప్పింది చదువులేనివాళ్ళని వీళ్ళు అనుకున్నవాళ్ళే.

రక్తం ఎవరిది?

2023 డిసెంబరులో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఇందులో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ గణాంక జన్యుశాస్త్రవేత్త స్టీఫెన్ లెస్లీ ముఖ్యులు. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలోని ఆదివాసీ జన్యు కేంద్రంతో కలిసి చేశారు. నాలుగు సముదాయాలకు చెందిన 159 మంది జన్యువులను పూర్తిగా చదివారు. ఆ కేంద్రం పాలకమండలిలో ఆదివాసులదే మెజారిటీ. 1960ల నుంచి ఆదివాసుల దగ్గర తీసుకున్న రక్తపు నమూనాలు వేల కొద్దీ ఫ్రిజ్జుల్లో ఉండిపోయాయి. వాటి బాగోగులు చూసే బాధ్యత కూడా ఇప్పుడు ఆ కేంద్రానిదే.

వాళ్ళు తేల్చింది ఏమిటంటే, ప్రపంచంలో ఎక్కడా నమోదు కాని జన్యు తేడాలు, ఆఫ్రికాను మినహాయిస్తే, అత్యధికంగా ఈ ప్రజల్లోనే ఉన్నాయి. వైద్యులు జబ్బుల జన్యువులు వెతికే పట్టికల్లో ఇవి లేవు. కాబట్టి ఆ పట్టికలను నమ్ముకొని చేసే వైద్యం వీళ్ళ విషయంలో పొరబడవచ్చు. దీనికన్నా మనకు ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసులు జన్యుపరంగా ఒకే ముద్ద కాదు. ఒక సముదాయానికీ ఇంకో సముదాయానికీ లోతైన తేడాలున్నాయి.

ఇప్పుడు మన గైడు పుస్తకం దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియాలోనే ఒకే ‘ఆస్ట్రలాయిడ్’ ముద్ర చెల్లకపోతే, గోదావరి ఒడ్డున ఉన్న మనకు ‘ప్రోటో ఆస్ట్రలాయిడ్’ అనేది ఎలా చెల్లుతుంది? ఆ పేరు ఎక్కడిదో వెతికితే మళ్ళీ తలల కొలతలే తగులుతాయి. 1901 జనగణన అధికారి రిస్లీ ముక్కులు కొలిచి జాతులు విడదీశాడు. 1931 జనగణన కాలంలో బి.ఎస్.గుహా తలలు, ముక్కులు, ముఖాలు కొలిచి దేశ ప్రజలను ఆరు జాతులుగా పంచాడు. ‘ప్రోటో ఆస్ట్రలాయిడ్’ ఆ ఆరింటిలో ఒకటి. తొంభై ఏళ్ళనాటి ఆ కొలతబద్దను మన గైడ్లు ఇంకా పారేయలేదు.

పిల్లాడి రెండో ప్రశ్నకూ జవాబు చెప్పాలి. సుమారు 4,000 ఏళ్ళ కిందట భారతదేశం నుంచే కొందరు ఆస్ట్రేలియా చేరారని 2013లో ఒక జన్యు పరిశోధన చెప్పింది. 2016లో వై క్రోమోజోములను లోతుగా చదివిన మరో బృందం దానికి ఆధారం కనబడలేదంది. శాస్త్రంలో ఇలా జరుగుతుంది, జరగాలి. తన మాటను తాను దిద్దుకోవడం దాని బలం. గైడు పుస్తకం దిద్దుకోదు. అదే దాని రోగం.

మన బడిలో

నేను ఏడో తరగతిలో హాస్టల్లో ఉండగా ఎవరో నలుగురు వచ్చారు. మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఇనుప పట్టకారు లాంటి దానితో తలలు కొలిచారు. చెవులు, ముక్కులు కొలిచారు. వేలికి సూది గుచ్చి రక్తం తీసుకున్నారు. బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చారు. మా అమ్మానాన్నలను ఎవరూ అడగలేదు. ఆ రక్తంలో ఏం తెలిసిందో ఈరోజు దాకా నాకు తెలియదు.

ఇప్పుడు కూడా మన ఊళ్ళకు రక్తపరీక్షల బళ్ళు వస్తున్నాయి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద ఆదివాసీ ప్రాంతాల్లో పరీక్షలు జరుగుతున్నాయి. అవి మనకు అవసరం. తల్లి తండ్రి ఇద్దరూ ఈ జన్యువును మోస్తుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు రావడానికి నాలుగింట ఒక అవకాశం ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికి రాదు అనుకోవడం తప్పు లెక్క. ఆ లెక్క తల్లిదండ్రులకు అర్థమయ్యేటట్టు చెప్పడం ఉపాధ్యాయుల పనే. కాబట్టి పరీక్షకు పిల్లలను పంపొద్దని నేను చెప్పడం లేదు. పంపేటప్పుడు మూడు ప్రశ్నలు అడగమంటున్నాను. ఈ రక్తం దేనికి తీసుకుంటున్నారు? ఫలితం మా చేతికి ఎప్పుడిస్తారు? మిగిలిన రక్తాన్ని, మా పేర్లను ఏం చేస్తారు? అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళు కొందరుంటారు. ఓపికగా మళ్ళీ అడగాలి.

కొలతబద్ద చెడ్డది కాదు. తలలు కొలవడానికి వాడిందీ, 159 మంది జన్యువుల్లో తేడాలు చూపిందీ గణాంకాలే. ఎవరి కోసం కొలుస్తున్నారు, ఎవరిని అడిగి కొలుస్తున్నారు, లెక్క తప్పితే ఒప్పుకుంటారా అన్నదాన్ని బట్టి మంచిచెడ్డలు ఉంటాయి. మన పిల్లలు గణితం, జీవశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి ఆ బద్ద తమ చేత్తో పట్టుకోవాలని నా కోరిక. బయటి నుంచి విమర్శించడానికి నాలాంటి బడిపంతులు చాలు. లోపలికి వెళ్ళి లెక్క సరిచేయడానికి వాళ్ళు కావాలి.

ఇదంతా ఆ పిల్లాడికి రెండు మూడు రోజులు కూర్చోబెట్టి చెప్పాను. విన్నాడు. చివర్లో, ‘‘మరి పరీక్షలో ఆ ప్రశ్న వస్తే మా అన్న ఏం పెట్టాలి సార్?’’ అన్నాడు. ఉద్యోగం కావాలి కాబట్టి గైడులో ఉన్నదే పెట్టమన్నాను. చెప్పినందుకు నాకు సిగ్గుగానే ఉంది. ఆ ప్రశ్న పేపర్లో రాకుండా చేయడం మాత్రం అన్నాతమ్ముళ్ళ పని కాదు. పాఠాలు చెప్పే మనది, గైడ్లు రాసేవాళ్ళకు ఉత్తరాలు రాయాల్సిన మనది. నా ఉత్తరం నేను రాశాను. చదివిన ఉపాధ్యాయులు మీరూ తలా ఒకటి రాయండి.